'జీవితాంతం మన్నిక' అని ముద్రించకండి, ముందు ఏది పోతుందో రాయండి

ఇంటి సామాను, గృహోపకరణాలు తయారుచేసే సంస్థల డిజైన్ విభాగాలకు, ఆ డ్రాయింగుల మీద చివరి సంతకం పెట్టేవారికి బహిరంగ లేఖ

నమస్కారం.

మీరు బిగించి పంపేవాటిని విప్పడం మా పని. మిక్సీ కానివ్వండి, వాషింగ్ మెషిన్ కానివ్వండి, కుక్కర్, టార్చి, జిప్పు, బూటు ఏదైనా కానివ్వండి, మా బల్ల మీదికి వచ్చేటప్పటికి దాదాపు అన్నిటి పరిస్థితీ ఒకటే. వస్తువు ఒళ్లంతా బాగుంటుంది, వేలెడంత ముక్క ఒకటి పోయి ఉంటుంది. ఆ ముక్క దొరికి, దాని దాకా చెయ్యి వెళ్తే వస్తువు లేచి కూర్చుంటుంది. దొరక్కపోయినా, చెయ్యి వెళ్లకుండా మీరు అతికించేసి ఉన్నా, కిలోలకొద్దీ మంచి ఉక్కు, రాగి తుక్కు బండి ఎక్కుతాయి.

పెట్టె మీద 'జీవితాంతం మన్నిక' అని మీరు ముద్రించే మాట గురించే ఈ ఉత్తరం. ఎవరి జీవితాంతం? వారంటీ కార్డు వెనక సన్నక్షరాలు చదివితే చాలాసార్లు అది కొన్నవాళ్ల జీవితం కాదనీ, 'ఉత్పత్తి జీవితకాలం' అనీ తేలుతుంది. పోయేదాకా పోదు అన్నమాట! దాన్ని తీసేసి, ఆ జాగాలోనే నాలుగు సంగతులు రాయండి: ఇందులో ముందు ఏది అరుగుతుంది, దాని కొలత ఏమిటి, దాని దాకా వెళ్లడం ఎలా, అది విడిగా ఎన్నేళ్లు దొరుకుతుంది.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. మీలో కొందరు ఎప్పటినుంచో చేస్తున్నదే. ప్రెషర్ కుక్కర్‌ని చూడండి. లోపల 15 పీఎస్ఐ ఒత్తిడి, సుమారు 120 డిగ్రీల ఆవిరి. ఆ వేడిలో నలిగేది మూత అంచున ఉండే రబ్బరు రింగు. కొన్నాళ్లకు అది గట్టిపడి, కుంచించుకుపోయి, పక్కనుంచి ఆవిరి వదులుతుంది. చేత్తో లాగితే ఊడుతుంది, కొత్తది వేలితో అదిమితే కూర్చుంటుంది. వెయిట్ కింది గొట్టం మూసుకుపోయి ఒత్తిడి హద్దు మీరితే సేఫ్టీ వాల్వ్‌లోని మిశ్రమలోహపు బిళ్ల కరిగి దారి ఇస్తుంది. తాను పోయి కుక్కర్‌ని, పక్కనున్న మనిషిని కాపాడుతుంది. దాన్నీ మర తిప్పి మార్చుకోవచ్చు. పిడి కాలిపోతే ఒక్క స్క్రూ. గిన్నె మాత్రం అలాగే ఉంటుంది. అరుగుదలను ఆపడం ఎవరి తరమూ కాదు, ఎక్కడ అరగాలో నిర్ణయించడం మాత్రం మీ చేతిలోదే. కుక్కర్ గీసినవాళ్లు ఆ పని చేశారు.

సీలింగ్ ఫ్యాన్ కూడా అంతే. ఫ్యాన్ నెమ్మదించిందంటే ముందు అనుమానించాల్సింది కండెన్సర్‌నే. దాని ఒంటి మీదే 2.5 మైక్రోఫారడ్ అనో 3.15 అనో అచ్చు వేసి ఉంటుంది. అదే అంకె ఉన్నది, వోల్టేజీ తగ్గకుండా చూసి వేస్తే సరి. గరగరమంటే బేరింగులు. వాటి అంచున కూడా 6202 లాంటి అంకె చెక్కి ఉంటుంది. ఆ నాలుగంకెలు చాలు: లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 35, మందం 11, ఏ దేశంలో ఎవరు చేసినా. దశాబ్దాల పాటు తిరిగే ఫ్యాన్లు ఉన్నాయంటే అందులో కనిపించకుండా ఉన్న గొప్ప ఈ అంకెలదే.

ఇక అసలు బాధకు వస్తాం. ముందు తలుపు ఉండే వాషింగ్ మెషిన్.

దాని డ్రమ్ము ఒక ఇరుసు మీద తిరుగుతుంది. ఇరుసును మోసేవి రెండు బేరింగులు. 6205, 6206 లాంటివి చాలా మెషిన్లలో కనిపిస్తాయి. నీటికీ బేరింగుకూ మధ్య అడ్డు ఒక్కటే, రబ్బరు సీలు. బేరింగులు వాటంతట అవి చావవు, సీలు చంపుతుంది. సీలు పెదవి అరుగుతుంది, సబ్బునీరు చుక్క చుక్కగా లోపలికి దిగుతుంది, గ్రీజు కొట్టుకుపోతుంది, బంతులు తుప్పు పడతాయి. పిండే వేగం అందుకున్నప్పుడు విమానం లేచినట్టు మోత. ఆ మోత రావడానికి చాలా ముందే ఆనవాలు ఉంటుంది. టబ్బు వెనకవైపు, ఇరుసు కిందుగా, గోధుమ రంగు చార దిగి ఉంటుంది. ఖాళీ డ్రమ్ము అంచు పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే లోపల 'టకటక' మని ఆట తెలుస్తుంది. తలుపు దగ్గరి మెత్తటి రబ్బరు తొడుగు ఊగడం వేరు, ఇది వేరు. టబ్బు కదలకుండా డ్రమ్ము మాత్రమే కదిలితే బేరింగే.

చార కనిపించిన రోజునే విప్పితే మార్చాల్సింది ఒక సీలు, రెండు బేరింగులు. ఆ పనిలో తెలియనివాళ్లు చేసే తప్పులు రెండు. కొత్త బేరింగును గూట్లోకి దించేటప్పుడు లోపలి రింగు మీద కొడతారు. ఆ దెబ్బ బంతుల మీదుగా బయటి రింగుకు చేరి, దారిలో సన్నటి గుంటలు పడతాయి. కొత్త బేరింగే నెలల్లో మళ్లీ మోత మొదలెడుతుంది. గూట్లోకి దించేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తిడి పడాలి. రెండోది, ఇరుసు మీది తొడుగును చూడకపోవడం. సీలు పెదవి ఏళ్ల తరబడి ఒకేచోట రాసుకుంటే అక్కడ గాడి పడుతుంది. గోరుతో అడ్డంగా గీస్తే గోరు తట్టుకుంటుంది. ఆ గాడి మీద ఎంత మంచి సీలు వేసినా కారుతుంది. తొడుగు కూడా మారాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ పనంతా జరగాలంటే టబ్బు రెండుగా విడిపోవాలి. రెండు సగాలనూ చుట్టూ స్క్రూలతోనో క్లిప్పులతోనో బిగించి, మధ్యలో రబ్బరు తాడు పెట్టే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు మీలో చాలామంది ఆ ప్లాస్టిక్ సగాలను వేడితో కరిగించి ఒక్కటి చేసేస్తున్నారు. దాంతో గుప్పెట్లో పట్టే బేరింగు పోతే టబ్బు, డ్రమ్ము, ఇరుసు, అంతా కలిపి ఒకే 'భాగం' కింద కొనాలి. దాని ధర చూసి ఎవరైనా కొత్త మెషిన్ వైపే చూస్తారు. చూడాలనే ఆ ధర పెట్టారా అన్న ప్రశ్న మాకు రాకపోదు. కొంతమంది రిపేరువాళ్లు ఆ అతుకు గీత వెంబడే రంపంతో కోసి, అంతకుముందే చుట్టూ కొలిచి వేసుకున్న రంధ్రాల్లో బోల్టులు పెట్టి, మధ్యలో సిలికాన్ పూసి మళ్లీ కలుపుతున్నారు. జాగ్రత్తగా చేస్తే కారదు. అంటే బోల్టులతో నిలబడదన్న మీ వాదన నిలబడదు.

అదే మెషిన్‌లో ఇంకో సంగతి. డ్రమ్ము వెనక మూడు కాళ్ల పోత ఒకటి ఉంటుంది, స్పైడర్ అంటారు. డ్రమ్ము స్టెయిన్‌లెస్ స్టీలు, ఈ పోత అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ క్షారం కలిసిన నీళ్లలో నానితే తినబడేది అల్యూమినియమే. పైగా కాళ్లలో మీరు వదిలే గుంటల్లో సబ్బు జిగురు పేరుకుపోతుంది, అక్కడ తడి ఆరదు. కొన్నేళ్లకు కాలు విరుగుతుంది, డ్రమ్ము ఒరిగి టబ్బును కోసేస్తుంది. గుంటలు లేకుండా నీరు జారిపోయేలా పోత పోయడం, మంచి పూత వేయడం, లోహాల మధ్య విడదీసే వాషర్ పెట్టడం, వీటిలో మీకు తెలియనిది ఏదీ లేదు. వాడేవాళ్లకు మాత్రం ఒక ముక్క చెప్పండి: సబ్బు పొడి ఎక్కువైనా, ఎప్పుడూ చల్లనీళ్లతోనే ఉతికినా ఆ జిగురు పెరుగుతుందని, అప్పుడప్పుడు 60 డిగ్రీల వేడినీటితో ఖాళీగా తిప్పాలని, పని అయ్యాక తలుపు తెరిచి ఉంచాలని. ఇది మాన్యువల్‌లో ఎక్కడో ఉంటుంది. ఉండాల్సింది తలుపు మీద.

మిక్సీల దగ్గర మీ ఆలోచన సగం దాకా సరిగ్గానే వెళ్లింది. మోటారును జారు ఇరుసుకు కలిపే కప్లర్‌ని రబ్బరుతోనో ప్లాస్టిక్‌తోనో చేయడం తెలివైన పని. జారులో బ్లేడు పట్టేస్తే కప్లర్ పళ్లు తెగాలి, మోటారు కాలకూడదు. కానీ కప్లర్ మారిస్తే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. అది ఎందుకు తెగిందో చూడాలి. జారు కింద సీలు అరిగితే నీరు బుష్‌లోకి, అంటే బ్లేడు ఇరుసు తిరిగే చిన్న గొట్టంలోకి, దిగుతుంది, బుష్‌లో చమురు పోతుంది, ఇరుసు బిగుసుకుంటుంది, అప్పుడు కప్లర్ తెగుతుంది. జారు బోర్లించి చూస్తే బుష్ చుట్టూ నల్లటి తడి కనిపిస్తుంది, బ్లేడును వేలితో కాస్త తిప్పితే భారంగా తిరుగుతుంది. సీలు, బుష్ మార్చకుండా కప్లర్ మీద కప్లర్ వేస్తూ పోతే చివరికి పోయేది మోటారే. జారు అడుగున బుష్‌ని విప్పి మార్చుకునేలా పెట్టేవాళ్లూ ఉన్నారు, నొక్కి శాశ్వతంగా బిగించేవాళ్లూ ఉన్నారు. రెండో రకంలో అరిగేది బుష్, పారేసేది జారు. పైన కప్లర్ ఏ వైపు తిప్పితే ఊడుతుందో ఒక బాణం గుర్తు వేయండి చాలు. తెలియక రెండోవైపు బలంగా తిప్పి ఇరుసు మర పోగొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

మోటారులో తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల సంగతీ అంతే. అవి అరగడానికే పుట్టాయి. డ్రిల్లింగ్ మెషిన్లలో చాలావాటికి బయటే రెండు మర మూతలుంటాయి. స్క్రూడ్రైవర్‌తో తిప్పితే బ్రష్ చేతిలోకి వస్తుంది, ఐదు నిమిషాల పని. అదే రకం మోటారు మిక్సీలోకి రాగానే బ్రష్‌లు ఎందుకు లోపల దాక్కుంటాయి? బ్రష్ పొట్టిదయ్యేకొద్దీ వెనక స్ప్రింగు పట్టు తప్పుతుంది, నిప్పురవ్వలు పెరుగుతాయి, బ్రష్ రాసుకునే రాగి కమ్యుటేటర్ నల్లబడి గుంటలు పడుతుంది. ఆపాటికి బ్రష్ మార్చినా ఆ గుంటలు కొత్తదాన్ని గీరేస్తాయి. సమయానికి ఒక జత బ్రష్‌లు మార్చి ఉంటే ఇంకో పదేళ్లు తిరిగే మోటారు అలా పోతుంది. బ్రష్ పొడవు, వెడల్పు, మందం మూడంకెలూ మోటారు మీద అచ్చు వేయండి, ఇంత పొడవుకు అరిగితే మార్చాలన్న గీత బ్రష్ మీదే గీయండి. కారు టైరుకు అరుగుదల గుర్తు పెట్టగా లేనిది దీనికి పెట్టలేమా?

ఎల్ఈడీ బల్బు గురించి మాట్లాడేటప్పుడు పాత సంగతి ఒకటి ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి మేమే ఎత్తుతున్నాం. 1924లో పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో కూడి ఫీబస్ అనే జట్టు కట్టాయి. బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని కట్టుబాటు పెట్టుకున్నాయి, మించిన సభ్యులకు జరిమానా వేశాయి. ఇది జరిగిన మాట. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి వెలుగుతున్న బల్బునూ దీనికి జోడించి చెబుతుంటారు. నిజాయితీగా చెప్పాలంటే ఆ బల్బు ఇప్పుడు ఇచ్చేది చిన్న నైట్ ల్యాంప్ అంత వెలుగు. తీగను మసకగా వెలిగిస్తే ఆయుష్షు పెరుగుతుంది, కానీ అదే కరెంటుకు వచ్చే వెలుతురు పడిపోతుంది. ప్రతి మన్నికలోనూ ఇలాంటి బేరం ఒకటి ఉంటుందని మాకు తెలుసు. బేరం ఉన్నందుకు కాదు మా గొడవ, దాన్ని దాచినందుకు.

ఇప్పటి బల్బులో ఆ బేరం ఎక్కడుందో చూద్దాం. 25 వేల గంటలని పెట్టె మీద ఉంటుంది. ఆ అంకె ప్రధానంగా వెలుగునిచ్చే చిప్‌ల లెక్క. వాటికి కరెంటు అందించే డ్రైవర్‌లో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఒకటి ఉంటుంది, అందులోది తడి రసాయనం, వేడికి మెల్లగా ఎండిపోతుంది. దానికి ఇంజినీర్లందరూ వాడే మోటు లెక్క ఒకటుంది: వేడి 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపు. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలని రాసి ఉన్న కెపాసిటర్ 85 డిగ్రీల దగ్గర సుమారు 8000 గంటలు, 65 దగ్గర 32 వేల గంటలు ఉంటుంది. అదే 2000 గంటలు 85 డిగ్రీల దగ్గరని రాసి ఉన్న చవక రకం పెడితే, 65 దగ్గర వచ్చేవి 8000 గంటలే. చూడ్డానికి రెండూ ఒకే డబ్బా, మన్నికలో నాలుగు రెట్ల తేడా. దానికి తోడు బల్బును మూసిన గాజు డోమ్‌లో పెడితే వేడి బయటికి పోదు, మీ లెక్క మొత్తం తలకిందులవుతుంది. కాబట్టి పెట్టె మీద 25 వేల గంటలతో పాటు కెపాసిటర్ రేటింగు, మూసిన దీపాల్లో పనికొస్తుందో లేదో రాయండి. ఛార్జర్లు, టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. పైభాగం ఉబ్బిన కెపాసిటర్ వీటన్నిటిలోనూ మేం మొదట వెతికే ఆనవాలు. వేడెక్కే ముక్క పక్కనే దాన్ని కూర్చోబెట్టిన బోర్డులు ఇప్పటికీ వస్తున్నాయి. ఒక అంగుళం అవతల పెట్టడానికి అయ్యే ఖర్చు ఏమిటో మాకు అంతుపట్టదు.

స్క్రూల విషయంలో మాత్రం మేం మొహమాటపడం. ప్లాస్టిక్‌లోకి నేరుగా దిగే స్క్రూ మొదటిసారి తన దారి తానే కోసుకుంటుంది. రెండోసారి ఎవరైనా అలాగే గుచ్చి తిప్పితే ఇంకో దారి కోస్తుంది, మూడోసారికి మర పోతుంది. అందుకే పాత పనివాళ్లు స్క్రూను మొదట వెనక్కి తిప్పుతారు. పాత గాడి నోరు దొరికినప్పుడు చేతికి 'టక్' మని తెలుస్తుంది, అప్పుడు ముందుకు బిగిస్తారు. ఇలా చేస్తే అదే రంధ్రం చాలాసార్లు పనికొస్తుంది. కానీ వాడేవాళ్లందరికీ ఈ కిటుకు తెలియాలనుకోవడం న్యాయమా? తరచూ విప్పాల్సిన చోట, ముఖ్యంగా బ్యాటరీ మూతకు, బ్రష్‌ల మూతకు, ప్లాస్టిక్‌లో ఇత్తడి మర దిమ్మె పెట్టి ఎం3, అంటే 3 మిల్లీమీటర్ల మర, స్క్రూ వాడండి. అల్యూమినియంలోకి స్టీలు స్క్రూ దింపే చోట మర మీద పట్టేయకుండా ఉంచే పేస్టు పూయండి. లేదంటే తడి తగిలి రెండూ పట్టేస్తాయి, విప్పబోతే తల తెగుతుంది. మధ్యలో పుల్ల ఉండే నక్షత్రం తలలు, ఐదు రేకుల తలలు ఎవరికి రక్షణో చెప్పండి. ఆ బిట్లు మా దగ్గర ఉన్నాయి, దొంగల దగ్గరా ఉంటాయి. లేనిది వస్తువు కొన్నవారి దగ్గరే. ఇక పైకి కనిపించని క్లిప్పులు పెడితే ఎక్కడ నొక్కాలో చిన్న త్రిభుజం గుర్తయినా వేయండి. మొదటిసారి విప్పేటప్పుడే సగం క్లిప్పులు విరగడం పనితనం లేక కాదు, గుర్తు లేక.

బ్యాటరీ లోపల పెట్టి జిగురుతో మూసిన ట్రిమ్మర్, టూత్‌బ్రష్, చేతి వాక్యూమ్ లాంటివాటికి 'జీవితాంతం' అన్న మాట అసలు వాడకూడదు. లిథియం అయాన్ సెల్ పూర్తి ఛార్జింగులు కొన్ని వందలు దాటేసరికి సామర్థ్యం తగ్గడం మొదలవుతుంది, వాడినా వాడకపోయినా వయసు మీద పడుతుంది. నిండా ఛార్జ్ చేసి వేడిలో వదిలేస్తే ఇంకా త్వరగా. నెలల తరబడి పక్కన పెట్టాలంటే సగం ఛార్జ్‌లో చల్లటి చోట ఉంచాలి. ఇది పెట్టె మీద రాయడానికి ఒక్క వరుస చాలు. సెల్ ఏదో ఒక సొంత ఆకారంలో కాక 18650 లాంటి అందరికీ దొరికే కొలతలో, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 పొడవు, పెట్టండి. తీగలకు ప్లగ్గు పెట్టండి. లేకపోతే ఎవరో తెలియక సెల్ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ ఆనిస్తారు, ఆ వేడికి సెల్ లోపలి సీలు దెబ్బతింటుంది, కొత్తదీ పోతుంది, ఒక్కోసారి ప్రమాదమూ జరుగుతుంది. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీ నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చాలా పరికరాల్లో బ్యాటరీని వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలి. అక్కడికి ఒక అచ్చు, మిగతా లోకానికి ఇంకో అచ్చు పోయకండి.

చట్టాల మాట వచ్చింది కాబట్టి. అదే యూనియన్‌లో 2021 మార్చి నుంచి వాషింగ్ మెషిన్ విడిభాగాలు, ఆ మోడల్ ఆఖరి మెషిన్ మార్కెట్లోకి వచ్చాక కనీసం పదేళ్లు దొరకాలి, అడిగిన 15 పనిదినాల్లో అందాలి. ఆ జాబితాలో డ్రమ్ము, స్పైడర్, బేరింగులు కూడా ఉన్నాయి. కానీ పక్కనే ఒక మాట: విడిగా గానీ, కలిపి గానీ. ఆ 'కలిపి' అన్న సందులోంచే కరిగించి అతికిన టబ్బు మొత్తం దూరిపోతుంది. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి కొన్ని రకాల వస్తువులకు పదికి ఇన్ని అని మరమ్మతు మార్కులు వేసి అమ్మే చోటే చూపిస్తున్నారు. విప్పడం ఎంత తేలిక, పత్రాలు దొరుకుతాయా, విడిభాగం ధర ఎంత, ఇవన్నీ అందులో లెక్కకు వస్తాయి. ధరను లెక్కలోకి తేవడం మాకు నచ్చింది. దొరుకుతుంది అని చెప్పి, కొత్త వస్తువు ధరలో సగానికి పైగా పెడితే దొరకనట్టే.

కరెంటు లేని వస్తువుల్లోనూ ఇదే తంతు. జిప్పులో పళ్లు పోవడం అరుదు, పోయేది రన్నర్. దాని రెండు దవడలూ లోపల అరిగి సందు పెరుగుతుంది, వెనకే జిప్పు విచ్చుకుంటుంది. పటకారుతో రెండు పక్కలా కాస్త అదిమితే కొన్నాళ్లు నడుస్తుంది, గట్టిగా అదిమితే పగులుతుంది. సరైన మందు అదే నంబరు కొత్త రన్నర్. నంబరు చాలావాటికి వెనక చెక్కి ఉంటుంది. 5 నంబరంటే మూసినప్పుడు పళ్ల వెడల్పు దాదాపు 5 మిల్లీమీటర్లు. మీరు జిప్పు రెండు చివరలనూ కుట్టులోకి దూర్చేసి పైన ఇంకో పట్టీ కుడతారు. దాంతో రెండు నిమిషాల పని రెండు గంటలవుతుంది. ఒక చివర బయట వదిలి చిన్న లోహపు ఆపు పెడితే చాలు.

బూట్ల అడుగు పాలీయూరిథేన్‌తో పోస్తే తేలిగ్గా, మెత్తగా ఉంటుంది, ఒప్పుకుంటాం. కానీ ఆ రకాల్లో చాలావాటిని గాలిలోని తేమే విడగొడుతుంది. కొత్త బూటు పెట్టెలోనే ఏళ్ల తరబడి ఉన్నా, తీసి వేసుకున్న రోజు బిస్కెట్టులా పొడిపొడి అవుతుంది. కాబట్టి తయారీ తేదీ నాలుక వెనక ముద్రించండి, కొనేవాళ్లు నిల్వ సరుకును గుర్తుపడతారు. పైభాగానికీ అడుగుకూ మధ్య తోలు పట్టీ వేసి కుట్టిన బూటుకు అరిగిన సోలును విప్పి కొత్తది కుట్టొచ్చు. అతికించినదానికీ కొన్నిట్లో వీలవుతుంది, అంచు గిన్నెలా పైకి లేచిన అచ్చు సోలు అయితే దాదాపు కుదరదు. టార్చి పిడుల మీద, బ్యాగుల లోపల వేసే మెత్తటి రబ్బరు పూత, ప్లాస్టిక్ పూత కూడా ఇదే తేమకు, చేతి చెమటకు కరిగి జిగటగా మారతాయి. గట్టి పిడి అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ పూత మొత్తం తుడిచేస్తే కింద ఉన్న ప్లాస్టిక్ శుభ్రంగా నిలబడుతుంది. అంటే ఆ పూత అక్కర్లేదనే కదా.

వంటపాత్రలకు ఒక్క పేరా చాలు. నాన్‌స్టిక్ పూత మీద 'జీవితాంతం' అని రాయడం అబద్ధం. అది అరిగే పొర. సుమారు 260 డిగ్రీలు దాటితే చెడడం మొదలవుతుంది, ఖాళీ పెనం పెద్ద మంట మీద నిమిషాల్లో అక్కడికి చేరుతుంది. పోత ఇనుము తుప్పు పట్టినా గీకి, నూనె పలచగా రాసి, కాల్చి మళ్లీ వాడుకోవచ్చు, దాని చావు కింద పడి పగలడం వల్లో, కాగిన పెనం మీద చన్నీళ్లు పోయడం వల్లో వస్తుంది. స్టెయిన్‌లెస్ పాత్ర అడుగున సూదిమొన గుంటలు పడేది చల్లనీళ్లలో ఉప్పు వేసి కలపకుండా వదిలేస్తే. నీళ్లు మరిగాక వేసి కలపాలి. పిడులను చుక్క వెల్డింగుతో కాక గట్టి రివిట్లతో బిగించండి. బరువు చూసి మన్నిక అంచనా వేసే కొనుగోలుదారుల తప్పూ ఉంది, అడుగున బరువు పెంచి పిడి దగ్గర పొదుపు చేసే మీ తప్పూ ఉంది.

మీ వైపు జవాబులు మాకు తెలియనివి కావు. నీరు దూరకూడదంటే జిగురు తప్పదంటారు. వంద మీటర్లూ ఆ పైనా లోతుకు వెళ్లే డైవింగ్ వాచీల వెనక మూత మర తిప్పి బిగించేదే, మధ్యలో ఓ-రింగు అనే గుండ్రటి రబ్బరు ఉంటుంది, బ్యాటరీ మార్చిన ప్రతిసారీ ఆ రింగు మార్చి ఒత్తిడి పరీక్ష చేస్తారు. తెలియనివాళ్లు విప్పితే షాక్ కొడుతుందంటారు. మైక్రోవేవ్ ఓవెన్ విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం, ప్లగ్గు తీశాక కూడా అందులోని కెపాసిటర్ చంపగలదు. అలాంటిదాని మీద హెచ్చరిక పెట్టండి, శిక్షణ ఉన్నవాళ్లకు పత్రాలివ్వండి. ఆ సాకుతో మిక్సీ బ్రష్ మూత మూసేయకండి. ధర పెరుగుతుందంటారు. నాలుగు ఇత్తడి దిమ్మెలు, ఒక మంచి కెపాసిటర్, ఒక అచ్చు అంకె పెంచే ధర ఎంతో మీ ఖాతా పుస్తకాల్లోనే ఉంటుంది, బయటపెట్టండి, మాట్లాడదాం.

అడుగుతున్న కాగితం ఎలా ఉండాలో మేమే ఒకటి రాసి చూపిస్తాం. వాషింగ్ మెషిన్‌కు అయితే ఇలా: ముందు అరిగేది ఇరుసు సీలు, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం ఇంత. దాని వెనక బేరింగులు 6205, 6206, రెండూ టూఆర్‌ఎస్, అంటే రెండు వైపులా రబ్బరు మూత ఉన్న రకం. ఇరుసు తొడుగు విడిగా దొరుకుతుంది, భాగం నంబరు ఇది. టబ్బు స్క్రూలు ఇన్ని, ఈ తల, ఈ పొడవు, తిరిగి బిగించేటప్పుడు ఎదురెదురుగా, ఇంత బలంతో. మధ్య రబ్బరు తాడు మళ్లీ వాడకూడదు. మోటారు బ్రష్‌లు ఉంటే వాటి కొలత. పంపు జాలీ రెండు నెలలకోసారి తీసి కడగాలి. వెనక గోధుమ చార కనిపిస్తే మోత వచ్చేదాకా ఆగకండి. ఇంతే, అరచేతంత జాగా కూడా పట్టని రాత.

దాన్ని మాన్యువల్‌లో పెట్టొద్దు. మాన్యువల్ మొదటి వారంలోనే పోతుంది. వెబ్‌సైట్‌లోనూ వద్దు, మోడల్ ఆగిపోగానే ఆ పేజీ తీసేస్తారు. స్టిక్కర్ వద్దు, ఆవిరికి ఊడిపోతుంది. వెనక రేకుకు లోపలివైపు, విప్పగానే ఎదురుగా కనిపించే చోట, రేకును అచ్చు కొట్టేటప్పుడే అక్షరాలు పైకి తేలేలా కొట్టించండి.

ఇట్లు,
మీరు బిగించినవి విప్పేవాళ్లు